ఉద్యోగం మానకుండా ఏడాది విదేశంలో: చియాంగ్‌మైలో సగం, మారిషస్‌లో సగం

వెళ్లిన దేశంలోనే పని వెతుక్కుని ఏడాది తిరగాలంటే మన పాస్‌పోర్ట్‌కు రెండు మంచి దారులున్నాయి. బ్రిటన్ యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ 2023లో మొదలైంది. ఏడాదికి 3,000 మందికి ఇస్తారు. డిగ్రీ ఉండాలి, ఖాతాలో 2,530 పౌండ్లు చూపించాలి, వస్తే రెండేళ్లు ఉండొచ్చు. ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా మనకు 2024లో వచ్చింది, ఏడాదికి 1,000 మందికే. రెండింటికీ లాటరీయే, రెండింటికీ వయసు 18 నుంచి 30. ఆ వయసులో ఉంటే ఇక్కడితో చదవడం ఆపి ముందు వాటికి అప్లై చేయండి.

మా ఇద్దరికీ ఆ వయసు దాటిపోయింది కాబట్టి హైదరాబాద్ ఉద్యోగాన్నే వెంట తీసుకెళ్లాలి. దుబాయ్ రిమోట్ వర్క్ వీసా చూశాం కానీ అక్కడి అద్దెలు చూశాక ఆ ఆలోచన మానుకున్నాం. మలేషియాకూ రిమోట్‌గా పని చేసేవాళ్ల కోసం డీఈ రంతౌ అని ఒక పాస్ ఉంది. చివరికి గడియారం చూసి థాయ్‌లాండ్‌లోని చియాంగ్‌మై, మారిషస్ అని తేల్చుకున్నాం. థాయ్‌లాండ్ మనకంటే గంటన్నర ముందు, మారిషస్ గంటన్నర వెనక. రెండు చోట్లా రాత్రంతా మేలుకుని మీటింగ్‌లకు కూర్చునే బాధ లేదు.

అసలు టెన్షన్ వీసా కాదు, హెచ్‌ఆర్. విదేశం నుంచి పని చేస్తే పన్ను, డేటా చిక్కులొస్తాయని కంపెనీలు వెనకాడతాయి. నాకు ఆ అనుమతి లెటర్ చేతికి రావడానికి పట్టిన సమయంలో రెండు దేశాల వీసాలూ వచ్చేసేవి. ఆ లెటర్ రాకుండా టికెట్ కొనకండి.

థాయ్‌లాండ్ డీటీవీ వీసా (రిమోట్‌గా పని చేసేవాళ్లకూ ఇచ్చేది) 2024 జులైలో మొదలైంది. 5 లక్షల బాత్‌లు ఖాతాలో చూపించాలి. ఐదేళ్లు చెల్లుతుంది, వెళ్లిన ప్రతిసారీ 180 రోజుల వరకు ఉండనిస్తారు. జీవిత భాగస్వామికీ వస్తుంది. అక్కడి కంపెనీకి మాత్రం పని చేయకూడదు.

చియాంగ్‌మైలో నిమ్మాన్ వీధి వెనక ఒక గది కాండో (అపార్ట్‌మెంట్ ఫ్లాట్) తీసుకున్నాం. పని చేసుకునేవాళ్లకు ఇంత వసతిగా ఉండే ఊరు నేను చూడలేదు. నెట్ ఆగదు, గల్లీకో కేఫ్, షేర్ ఆటోలా నడిచే ఎర్ర సాంగ్‌థావ్ ఎక్కితే ఊళ్లో ఎక్కడికైనా చవకగా దింపుతాడు. శాకాహారులు పసుపు జెండా మీద ఎర్రగా ‘జే’ అని రాసున్న కొట్లు గుర్తుపెట్టుకోవాలి. అక్కడ చేపల సాస్ వేయరు, ఉల్లి వెల్లుల్లి కూడా వేయరు.

అద్దె కాగితం మీద సంతకం పెట్టేముందు కరెంటు లైను చదవండి. ప్రభుత్వ రేటు యూనిట్‌కు నాలుగు బాత్‌ల చుట్టూ ఉంటే కొందరు యజమానులు ఏడు, ఎనిమిది రాస్తారు. ఏసీ వేసిన నెలలో ఆ తేడా బాగా తెలుస్తుంది. అడ్వాన్సు రెండు నెలలది. వెళ్లేటప్పుడు గోడ మీద మేకు గుర్తు చూపించి మా దాంట్లో కొంత కోసుకున్నాడు యజమాని. దిగిన రోజే ప్రతి గోడనీ వీడియో తీసిపెట్టుకుంటే వాదించడానికి ఆధారం ఉంటుంది. మీరు దిగినట్టు ఇమిగ్రేషన్‌కు టీఎం30 అనే ఫారం పెట్టాల్సింది కూడా అతనే. పెట్టాడో లేదో అడిగి కాపీ తీసుకోండి. వరసగా 90 రోజులుంటే అడ్రస్ రిపోర్ట్ మనమే చేయాలి.

ఫిబ్రవరి వచ్చేసరికి కొండల చుట్టూ పొలాలు, అడవులు తగలబడతాయి. ఏప్రిల్ దాకా పొగే. దోయ్ సుతేప్ కొండ ఊళ్లోంచి కనపడదు. ఆ నెలల్లో అక్కడ ఉండొద్దు, అద్దె ఎంత తగ్గించినా సరే.

మారిషస్‌కు తుఫాన్ల కాలం నవంబరు నుంచి మే సగం వరకు. అంటే ఈ రెండు ఊళ్లూ ఒకదానికొకటి సరిగ్గా సరిపోతాయి: చలికాలం చియాంగ్‌మైలో, మే చివరి నుంచి మారిషస్‌లో. మధ్యలో రెండు మూడు నెలలు ఇంటికొచ్చి మామిడికాయలు తినొచ్చు. ఇంకో లాభమూ ఉంది. థాయ్‌లాండ్‌లో క్యాలెండర్ ఏడాదికి 180 రోజులు నిండితే పన్ను లెక్కలో అక్కడి నివాసి అయిపోతారు. ఇలా పంచుకుంటే అంతదాకా పోదు. మనదేశం లెక్క మాత్రం మీ ఆడిటర్‌నే అడగండి.

మారిషస్ ప్రీమియం వీసాకు ఆన్‌లైన్‌లోనే అప్లై చేశాం. నెలకు 1,500 డాలర్ల ఆదాయం, అదీ బయటి దేశం నుంచే రావాలి. ఏడాదికి ఇస్తారు. అందరూ సముద్రం పక్కన గ్రాండ్ బే అంటారు. మేం రెండు నెలలుండి విసిగాం. అద్దె ఎక్కువ, సాయంత్రం ఏడు దాటితే బస్సులు దొరకడం కష్టం, కారు లేకపోతే ఇంట్లోనే. తర్వాత క్వాత్ర్ బోర్న్‌కు మారాం. సముద్రం కనపడదు కానీ మెట్రో ఉంది, కూరగాయల సంత ఉంది, అద్దె తక్కువ. అక్కడే హాయిగా ఉన్నాం. ఇంకా పైన క్యూర్‌పీప్ చవకే గానీ జులైలో చలి, వాన. బట్టలు ఆరవు.

పొద్దున హైదరాబాద్ తొమ్మిదింటి మీటింగ్ అక్కడ ఏడున్నరకు. మూడింటికల్లా ల్యాప్‌టాప్ మూసేసేదాన్ని. దారిలో ధోల్ పురీ బండి. లోపల పప్పు పెట్టి వత్తిన పలుచని రొట్టె, తీపి లేని బొబ్బట్టు అనుకోండి. జంటగా ఇస్తాడు, మధ్యలో చిక్కుళ్ల కూర, రూగాయ్ అనే టొమాటో గుజ్జు, పచ్చిమిర్చి పచ్చడి. కాగితంలో చుట్టి ఇస్తే నిలబడి తినడమే.

అక్కడి తెలుగువాళ్ల పూర్వీకులు 19వ శతాబ్దంలో చెరకు తోటల్లో కూలికి వెళ్లినవాళ్లు. కాకినాడ పక్క కోరంగి రేవు నుంచి ఓడలెక్కారని వాళ్లకు కోరంగీలని పేరు. ఉగాదికి దేశమంతా సెలవు. సింహాద్రి అప్పన్న పూజ ఇప్పటికీ చేస్తారు. గుళ్లో తెలుగు వినిపిస్తుంది, ఇళ్లలో మాట్లాడేది ఎక్కువగా అక్కడి వాడుక భాష క్రియోలే. మేం తెలుగులో పలకరిస్తే ఒక పెద్దాయన నవ్వుతూ క్రియోల్‌లో జవాబిచ్చి, చెయ్యి పట్టుకుని ప్రసాదం దగ్గరికి తీసుకెళ్లారు.

ఖర్చు చూస్తే చియాంగ్‌మైదే పైచేయి, మారిషస్‌లో మాకు ఒకటిన్నర రెట్లు అయింది. ఒంటరిగా, పని మీదే ధ్యాసతో వెళ్లేవాళ్లు చియాంగ్‌మై చూసుకోండి. చిన్నపిల్లలతోనో, అమ్మానాన్నలను కొన్నాళ్లు రప్పించుకోవాలనో అనుకుంటే మారిషస్ నయం: ఇంగ్లిష్ నడుస్తుంది, గుడి ఉంది, పెద్దవాళ్లకు తోచదన్న బెంగ ఉండదు.