ఇంగ్లీషు ట్యూషన్‌లో స్క్రాబుల్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

కర్నూలు సీ క్యాంప్‌లో మా ఇంట్లోనే ఆరు నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు సాయంత్రాలు ఇంగ్లీషు ట్యూషన్ చెబుతాను. స్క్రాబుల్ అంటే ఇంగ్లీషు అక్షరాల బిళ్లలను బోర్డు మీద పేర్చి మాటలు కట్టి, ఆ అక్షరాల మీదున్న పాయింట్లు కలుపుకునే ఆట. అది కొని కొన్నేళ్లయింది. పెట్టె మూలలు చిరిగి టేపు వేశాను గానీ బోర్డు, బిళ్లలు బాగానే ఉన్నాయి. ట్యూషన్ కోసం కొనమంటారా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే: తప్పకుండా కొనండి, కానీ అందులో ఇచ్చిన రూల్సు ఒక్కటే సరిపోవు.

మొత్తం 100 బిళ్లలు. ఇంగ్లీషులో ఎక్కువగా పడే 'ఇ' బిళ్లలు 12, ఒక్కోదానికి 1 పాయింటే. క్యూ, జెడ్ ఒక్కొక్కటే ఉంటాయి, వాటికి 10. అసలు లాభం మాత్రం ఎదుటివాళ్ల మాటను పొడిగించడంలో ఉంది. ఒకసారి ఏడో తరగతి అమ్మాయి 'ప్లే' పేర్చింది, 9 పాయింట్లు. పక్కవాడు చివర ఇ, డి రెండే బిళ్లలు పెట్టి 'ప్లేడ్' చేసి 12 కొట్టేశాడు. "నా మాటకు వాడికెందుకు మేడమ్ పాయింట్లు?" అని ఆ అమ్మాయి గొడవ! ఇక అందరూ ఇ-డి కోసమే వెతుకులాట. ఇంకొకడు 'ఈట్' పక్కన కూడా అవే పెట్టాడు. డిక్షనరీ చేతికిచ్చాను. వాడే వెతికి, 'ఈట్'కు భూతకాలం 'ఏట్' అని పైకి చదివి, మారుమాట్లాడకుండా బిళ్లలు వెనక్కి తీసుకున్నాడు. పట్టిక బట్టీ పట్టిస్తే అంత గట్టిగా బుర్రకెక్కదు.

పెద్ద లోపం ఏమిటంటే, ఆట ఆడుతున్నంతసేపూ పిల్లలు తలొంచుకుని అక్షరాలే చూస్తారు, నోరు విప్పరు. సర్కారు బడి పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటాయి. చదివితే అర్థమవుతుంది, మాట్లాడమంటేనే ఆగిపోతారు. అందుకే మా ఇంట్లో సొంత రూలు: మాట పేర్చినవాళ్లు దానితో మన ఊరి గురించి ఒక వాక్యం చెప్పాలి, పక్కవాళ్లు దానిమీద ఒక ప్రశ్న అడగాలి. రెండూ ఇంగ్లీషులోనే. అప్పుడే పాయింట్లు. 'టవర్' వస్తే కొండారెడ్డి బురుజు, 'రివర్' వస్తే తుంగభద్ర, 'హాట్' వస్తే ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జి. చూడని ఊళ్ల గురించి ఒక్క ముక్క చెప్పలేని పిల్లాడు బజ్జీల గురించి మాత్రం ఆపమన్నా ఆపడు. తప్పులు దొర్లుతాయి. వాక్యం పూర్తయ్యేదాకా నేను సరిదిద్దను.

చురుకైన పిల్లలే ప్రతిసారీ గెలుస్తుంటే మిగతావాళ్లకు ఆసక్తి పోతుంది. జంటలుగా ఆడించండి, ఎనిమిది మంది దాకా పడతారు. పూర్తి ఆట గంట క్లాసులో తెమలదు, టైము చూసి ఆపేసి లెక్క కట్టడమే. ఐదో తరగతి లోపు పిల్లలకు మాత్రం ఇది వద్దు. స్పెల్లింగు దగ్గరే టెన్షన్ పడిపోతారు. వాళ్లకు బొమ్మ చూపించి ప్రశ్నలు అడగడమే మేలు.