కీర్తనలా, బ్యాండా: మన చర్చి పాటల సంగతి

ఆదివారం ఆరాధనకు హార్మోనియం, తబలాతో కీర్తనలు పాడాలా, కీబోర్డు, డ్రమ్స్, గిటారుతో కొత్త పాటలు పాడాలా అనే చర్చ చాలా తెలుగు సంఘాల్లో ఉంది. నేను రెండు జట్లతోనూ పాడాను.

కీర్తనల పుస్తకం తెరిస్తే పాట పైన రాగం, తాళం అచ్చేసి ఉంటాయి. తెలుగు క్రైస్తవ కవి పురుషోత్తమ చౌదరి (1803–1890) లాంటివాళ్లు పల్లవి, చరణాలతో మన సంగీత పద్ధతిలోనే రాశారు కాబట్టి, చదువురాని అమ్మమ్మలు కూడా పుస్తకం చూడకుండా ఆరో చరణం దాకా పాడేస్తారు. కరెంటు పోయినా పాట ఆగదు. కష్టమల్లా నేర్పేవాళ్లు తగ్గిపోవడమే. రాగం తెలియకపోతే పాట సాగదీసినట్టు అయిపోతుంది, అందుకే పిల్లలకు నచ్చట్లేదు.

బ్యాండు వస్తే యువత వస్తారు, అది నిజం. తెర మీద సాహిత్యం కనిపిస్తుంది, కీబోర్డులో ఒక్క బటన్‌తో శ్రుతి మారుతుంది. కానీ డ్రమ్స్ హోరులో సంఘం గొంతు వినిపించదు, వేదిక మీద నలుగురు పాడుతుంటే మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు, నాకు బాధ అనిపించేది అక్కడే. ఇంకోటి, ఏడు అక్షరాల (అంటే ఏడు లెక్కల) త్రిపుట తాళం కీర్తనను కీబోర్డులోని నాలుగు దెబ్బల రిథమ్‌కి ఇరికిస్తే మాటలు ఎక్కడపడితే అక్కడ విరిగిపోతాయి.

నా ఓటు కీర్తనలకే. బ్యాండు ఉండాలంటే యువజన కూటాల్లో ఉండనివ్వండి, ఆదివారం మాత్రం కనీసం రెండు కీర్తనలు తబలాతో పాడండి, ఆ తబలా ఒక కుర్రాడికి ఇప్పుడే నేర్పించండి.