బౌహౌస్‌లో ఒక రాత్రి, టోర్టెన్‌లో ఒక పూట

ఫిబ్రవరిలో బెర్లిన్ నుంచి దెస్సావ్ వెళ్ళాం, నేనూ మా ఆవిడా. లోకల్ రైల్లో రెండు గంటల లోపే. స్టేషన్ నుంచి బౌహౌస్‌కి నడిచి వెళ్ళిపోవచ్చు.

ఆర్కిటెక్ట్ వాల్టర్ గ్రోపియస్ గీసిన ఈ డిజైన్ స్కూలు భవనం 1926 డిసెంబరులో ప్రారంభమైంది. వర్క్‌షాపుల వైపు గోడే లేదు, మొత్తం గాజు. అప్పట్లో ఒంటి పొర గాజు, సన్నటి ఉక్కు ఫ్రేములు. ఎండాకాలం లోపల ఉడికిపోయేది, చలికాలం వణుకు. 1945లో బాంబులకు ఆ గాజంతా పోయింది. ఇప్పుడున్నది 1976లో తూర్పు జర్మనీ వాళ్ళు అల్యూమినియం ఫ్రేములతో పెట్టింది. అదీ ఇప్పుడు చరిత్రలో భాగమైపోయింది కాబట్టి దాన్ని మార్చాలన్నా ఆలోచించాలి!

నాకు బాగా నచ్చింది ఉత్తరం వైపు భాగం. అక్కడ కొత్త ఉక్కు కిటికీలు పెట్టారు. ఫ్రేము బయటి ఉక్కుకీ లోపలి ఉక్కుకీ మధ్య చలి దాటకుండా అడ్డు ఉంటుంది. దగ్గరికెళ్ళి ముక్కు ఆనిస్తే తప్ప తేడా తెలీదు. మా ఆవిడైతే "ఏం మార్చారు దీంట్లో?" అంది. ఆ పని చేసినవాళ్ళకి అంతకంటే మెప్పు ఏం కావాలి?

రాత్రి బస బౌహౌస్ భవనంలోనే ఉన్న ప్రెల్లర్‌హౌస్‌లో. ఒకప్పుడు విద్యార్థులు ఉన్న గదులే, చిన్న బాల్కనీతో. బాత్రూములు మాత్రం వరండాలో, అందరికీ కలిపి. హోటల్ సౌకర్యాలు కావాలంటే ఇది మీకు కాదు. మేం మాత్రం తెచ్చుకున్న పులిహోర తిని హాయిగా పడుకున్నాం.

బౌహౌస్‌లో పాఠాలు చెప్పిన గురువుల ఇళ్ళు చూడ్డానికి గంట చాలు. టోర్టెన్ కాలనీ మాత్రం వదలొద్దు, ట్రామ్‌లో వెళ్ళొచ్చు. గ్రోపియస్ కార్మికుల కోసం 1926-28లో కట్టిన 314 ఇళ్ళు. ఆ ఇళ్ళ ఉక్కు కిటికీలు మరీ ఎత్తులో ఉండేవి, చలినీ ఆపేవి కావు. అందుకే చాలామంది పీకేసి ప్లాస్టిక్‌వి పెట్టుకున్నారు. వరసలో ఏ రెండిళ్ళూ ఒకేలా లేవు. ఫొటోకి కాస్త బాధే. కానీ బౌహౌస్‌కి నిపుణులున్నారు, నిధులున్నాయి. ఇక్కడ హీటర్ బిల్లు ఇంట్లోవాళ్ళే కట్టుకోవాలి. నేనైనా అదే చేసేవాణ్ణి.

ఒక ఇంటి ప్లాస్టిక్ కిటికీ వెనక లేసు కర్టెన్, బంతిపూల రంగు కుండీ. మా ఆవిడ దాన్నే ఫొటో తీసుకుంది.