సింగిల్ లైనుకు బ్లాక్ సిగ్నలా, పాత్ సిగ్నలా? ఓపెన్‌టీటీడీలో నల్లగొండ రూటు

నల్లగొండ నుంచి సికింద్రాబాద్‌కు రైల్లో తిరిగినవాళ్ళకు "క్రాసింగ్ ఉంది, బండి ఆపిండ్రు" అన్న మాట చిరపరిచితం. బీబీనగర్–నడికుడి మార్గం ఏళ్ళ తరబడి సింగిల్ లైనుగానే నడిచింది. ఎదురుబండి దాటేదాకా మనది ఏదో చిన్న స్టేషన్ లూపులో (పక్కకు తప్పుకునే పట్టాలో) నిలబడాల్సిందే. గుంటూరు–బీబీనగర్ 239 కిలోమీటర్ల డబ్లింగ్‌కు, అంటే రెండో పట్టా వేసే పనికి, కేంద్ర కేబినెట్ ఒప్పుకున్నది 2023 ఆగస్టులో.

ఇదే రూటు ఓపెన్‌టీటీడీలో వేసుకుంటే, ఏ బండిని ఎక్కడ ఆపాలో తేల్చేది మనమే. 1994లో క్రిస్ సాయర్ తెచ్చిన ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌ను ఆధారం చేసుకుని 2004లో మొదలైన ఉచిత ఆట ఇది. అందులో మొదటినుంచీ ఉన్నది బ్లాక్ సిగ్నల్. దానికి అనుబంధంగా ఎంట్రీ, ఎగ్జిట్, రెండూ కలిసిన కాంబో అనే ప్రీ-సిగ్నళ్ళు వచ్చాయి. పాత్ సిగ్నల్ మాత్రం 2009లో 0.7 వెర్షన్‌తో వచ్చింది. "అంతటా పాత్ పెట్టు, అయిపోతది" అనేవాళ్ళే ఎక్కువ. నాదీ పాత్ పక్షమే గానీ, అది ఏం చేస్తుందో తెలియకుండా పెడితే అదీ ఆగమాగం చేస్తుంది.

బ్లాక్ సిగ్నల్ లెక్క మొరటుది. సిగ్నళ్ళ మధ్య ఒకదానికొకటి అతుక్కుని ఉన్న పట్టాలన్నీ ఒకే ముక్క. ఆ ముక్కలో ఏ మూల ఒక బండి ఉన్నా ఇంకోదానికి ఎరుపే. మన రైల్వేలో రెండు స్టేషన్ల నడుమ ఒక్క బండినే వదిలే అబ్సొల్యూట్ బ్లాక్ పద్ధతికి ఇది దగ్గర. పాత్ సిగ్నల్ దగ్గర బండి తను పోయే దారిని మాత్రమే ముందుగా రిజర్వ్ చేసుకుంటుంది. దానికి అడ్డం రాని దారిలో, అదే ముక్కలోనే, ఇంకో బండి పోవచ్చు. స్టేషన్ యార్డులో ఇంటర్‌లాకింగ్ (అడ్డం పడే దారులు ఒకేసారి తెరుచుకోనివ్వని ఏర్పాటు) మీద రూటు సెట్ చేసే పని ఇలాంటిదే. ఇంకో తేడా కంటికే కనిపిస్తుంది: బ్లాక్ సిగ్నల్ ముందు ఖాళీ ఉంటే పచ్చ, పాత్ సిగ్నల్ మాత్రం ఏ బండీ అడగనప్పుడు ఎరుపే. కొత్తగా ఆడేవాళ్ళు ఎప్పుడు చూసినా ఎరుపే ఉందని పరేషాన్ అవుతుంటారు. సెట్టింగుల్లో రిజర్వ్ అయిన పట్టాలను చూపించే ఆప్షన్ పెట్టుకుంటే ఆ అనుమానం తీరుతుంది.

అసలు తగాదా లూపు దగ్గర. రామన్నపేట, చిట్యాల, నల్లగొండ అని మూడు లూపులు వేశారనుకుందాం. చిట్యాలలో రెండు పట్టాలు, నల్లగొండ పోయేవాటికి ఒకటి, బీబీనగర్ పోయేవాటికి ఒకటి. బండి సింగిల్ లైనులోకి దిగే చోట, ఒక్కో పట్టా చివర ఒక్కో బ్లాక్ సిగ్నల్ పెట్టారు. నల్లగొండ బండి వచ్చి తన పట్టాలో ఆగింది. దాని వెనక సిగ్నలేదీ లేదు కాబట్టి ఆ పట్టా, వెనక రామన్నపేట దాకా ఉన్న సింగిల్ లైను కలిసి ఒకే ముక్క. పక్క పట్టాలో ఉన్న బీబీనగర్ బండి కదలాలంటే ఆ ముక్క ఖాళీ కావాలి. అటువైపూ అదే కథ. బీబీనగర్ బండి నిలబడ్డ పట్టా, నల్లగొండ వైపు లైను ఒకే ముక్క, అది ఖాళీ అయితేగానీ నల్లగొండ బండికి పచ్చ రాదు. ముందర లైనంతా ఖాళీయే, బండ్లు రెండూ కదలవు.

సరే, లూపు మొదట్లోనూ ఒక బ్లాక్ సిగ్నల్ పెడదామంటే, లూపు నిండి ఉన్నప్పుడు వెనక వచ్చే బండి సింగిల్ లైను మీదే ఆగుతుంది. ఎదురొచ్చేదానికి దారి మూసుకుపోయింది. దీన్ని విప్పడానికే ప్రీ-సిగ్నళ్ళు: లూపు మొదట్లో ఎగ్జిట్, వెనక స్టేషన్ నుంచి బండి బయలుదేరే చోట ఎంట్రీ. ఆ ముక్క నుంచి బయటపడే ఎగ్జిట్లలో ఒక్కటైనా పచ్చ ఉంటేనే ఎంట్రీ పచ్చ చూపిస్తుంది. కొంతవరకు పని జరుగుతుంది, కానీ ఒక్కో లూపుకు నాలుగు సిగ్నళ్ళు, వాటిలో ఒక్కటి తప్పు రకం పడినా అంతా మొదటికే.

పాత్ అయితే పట్టా చివర ఒక్కొక్కటి, అదీ ఒకవైపుదే, చాలు. రామన్నపేటలో నిలబడ్డ బండి చిట్యాలలో తన పట్టా చివరిదాకా దారి దొరికితేనే కదులుతుంది. సింగిల్ లైను నడుమ ఇంకే సిగ్నలూ పెట్టొద్దు, పెడితే ఎదురెదురుగా రెండు బండ్లు వచ్చి నిలబడతాయి. లూపు పొడవు కూడా మీ అతి పెద్ద గూడ్స్ కంటే తక్కువ ఉండకూడదు. తోక పాయింట్ల మీద, అంటే పట్టాలు చీలే చోట, మిగిలిందంటే ఏ సిగ్నలూ కాపాడదు. సింగిల్ లైను వరకు నా ఓటు పాత్‌కే, ఇందులో రెండో మాట లేదు.

డబుల్ లైను మీద ఈ తగాదా సగం తీరిపోతుంది. 2023 ఏప్రిల్‌లో ప్రారంభమైన సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబ్లింగ్ లాంటిది ఆటలో వేస్తే, ఒక పట్టా పోవడానికి, ఒక పట్టా రావడానికి. నడుమ చీలికలు లేనంత దూరం ఏ సిగ్నల్ పెట్టినా ఒకటే. బ్లాక్ సిగ్నళ్ళతో దాచుకున్న పాత ఆట (సేవ్) ఉంటే వాటిని మార్చే శ్రమ దండగ. మహబూబ్‌నగర్ దాటి ముందుకు పొడిగిస్తే, దేవరకద్ర దగ్గర కృష్ణా వైపు లైను చీలే చోట మాత్రం మళ్ళీ పాత్ కావాలి. అక్కడ పట్టాలన్నీ అతుక్కుని ఉంటాయి కాబట్టి బ్లాక్ పెడితే గద్వాలకు నేరుగా పోయే బండి, అటునుంచి నేరుగా వచ్చే బండిని కూడా ఆపేస్తుంది, రెండింటి దారులు ఎక్కడా కలవకపోయినా.

పాత్‌తో చేసే పెద్ద పొరపాటు, జంక్షన్ దాటీ దాటగానే ఇంకో సిగ్నల్ పెట్టడం. సిగ్నల్ ఉన్నచోట ఆగొచ్చు అని బండి అర్థం చేసుకుంటుంది. ముందు చోటు లేకపోతే అక్కడే ఆగుతుంది, సగం ఒళ్ళు పాయింట్ల మీదే. కోతల కాలంలో మిర్యాలగూడ మిల్లు గేటు ముందు వడ్ల ట్రాక్టరు ఆగి, వెనక ట్రాలీ రోడ్డు మీద ఉన్నట్టు. జంక్షన్ తర్వాత మొదటి సిగ్నల్‌కు ఒక పూర్తి బండి పట్టేంత దూరం వదలాలి. అంత చోటు లేకపోతే అక్కడ సిగ్నలే వద్దు.

మరి బ్లాక్, ప్రీ-సిగ్నళ్ళు దేనికి? మెయిన్ లైను బండికి ముందు దారిచ్చి, పక్కనుంచి కలిసేదాన్ని ఆపే ఏర్పాట్లు, సిగ్నళ్ళతోనే కంప్యూటర్ తరహా లెక్కలు చేసే లాజిక్ గేట్లు కట్టి ఆడేవాళ్ళకు అవి ఇప్పటికీ కావాలి. అది వేరే పిచ్చి, మంచి పిచ్చే. ఒకే జంక్షన్‌లో రెండు రకాలూ కలపకండి, ఏ బండి ఎందుకు ఆగిందో వెతుక్కోవడమే పనవుతుంది.

లూపులు పెంచాలా, డబ్లింగ్ చేయాలా అంటే, నాలుగైదు బండ్ల వరకు లూపులే అందం. ఆ పైన ఒక్క బండి ఆలస్యమైతే లైనంతా ఆలస్యమవుతుంది. ఆటలో డబ్బు చేతికి రాగానే రెండో పట్టా వేసేయడమే నయం, కేబినెట్‌ను అడిగే పని లేదు.

స్టేషన్ సంగతికొస్తే, నల్లగొండలో ప్యాసింజర్లకు వచ్చినవైపే తిరిగి పోయే టెర్మినస్ సరిపోతుంది. పాత్ సిగ్నళ్ళుంటే ఒక బండి లోపలికి వస్తుండగానే ఇంకోటి పక్క పట్టా నుంచి బయటికి పోగలదు, దారులు అడ్డం పడనంత వరకు. దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం 4,000 మెగావాట్లది. దాని పేరుతో ఆటలో పవర్ స్టేషన్ పెట్టి బొగ్గు తోలాలంటే ఒకవైపు వచ్చి ఇంకోవైపు పోయే రో-రో స్టేషనే వేయండి. చోటు ఎక్కువ తింటుంది, బయటి పట్టా చుట్టు తిప్పి మెయిన్ లైనులో కలపాలి. అయినా దించిన బండి వచ్చే బండికి ఎదురుపడదు. గని వైపు మాత్రం ఫుల్ లోడ్ కోసం, అంటే సరుకు పూర్తిగా నిండేదాకా, ఆగే బండ్లు ప్లాట్‌ఫాంలను పట్టుకుని ఉంటాయి. అక్కడ ఒకటి రెండు ప్లాట్‌ఫాంలు ఎక్కువే వేసి, వాటి ముందర ఇంకో బండి నిలబడేంత పట్టా ఉంచండి.