చేనేత చీరల ఫోటోలకు కెనాన్ ఆర్50: ఇందులో వీడియో పనికొస్తుందా?

చేనేత చీరలకు ఫోటోలు తీయడం నా పని. భూదాన్ పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక వైపు నేత కుటుంబాలు, చిన్న షాపులవాళ్లు వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ చీరలు అమ్ముకుంటున్నారు కదా, వాళ్ల కోసం తీస్తాను. ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ముందు అడిగేది ఇదే: "అక్కా, ఫోటోల కోసం కొనే కెమెరాలో వీడియో గురించి పట్టించుకోవాలా? దానికి ఫోన్ సరిపోదా?" నేను వాడేది కెనాన్ ఈఓఎస్ ఆర్50 అనే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా, దాంతో వచ్చే 18-45 ఎంఎం కిట్ లెన్స్. దాని ఫోటోల సంగతి చాలామంది రాశారు కాబట్టి వీడియో గురించే రాస్తున్నాను. బట్టను కెమెరాతో చూపించి అమ్మేవాళ్లకు ఇది కావాల్సిందే. సరదాకు ఉన్న బటన్ అనుకుని వదిలేయొద్దు.

ఎందుకో ఒక చీరతో చెబుతాను. పడుగు (నిలువు పోగులు) నీలం, పేక (అడ్డ పోగులు) గులాబీ వేసి నేసిన పట్టు చీర. షాపుల్లో డబుల్ షేడ్ అంటారు. టేబుల్ మీద పరిచి పైనుంచి ఫోటో తీస్తే అది ఊదారంగు చీర. ఎంత మంచి లైటు పెట్టినా, 24 మెగాపిక్సెల్స్‌లో ఎంత స్పష్టంగా తీసినా ఊదా రంగే. అదే చీర కొంగును రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పితే మడత ఒక వైపు నీలంగా, ఇంకో వైపు గులాబీగా వెలుగుతుంది. మధ్యలో జరీ అంచు ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది. కొనే ఆవిడ షాపులో కూర్చుంటే చేసే పని అదే, చీర చేతిలోకి తీసుకుని వెలుతురులో తిప్పి చూస్తుంది. ఆమె చెన్నైలోనో డాలస్‌లోనో ఉంటే ఆ తిప్పడం మనం చూపించాలి. పది సెకన్ల వీడియో చాలు. ఈ రకం చీరలకు ఫోటో ఒక్కటే పంపితే "మీరు చూపించిన రంగు ఇది కాదు" అనే మాట తప్పదు, అలా అనడంలో వాళ్ల తప్పు కూడా లేదు.

మరి ఫోన్ ఉంది కదా అంటే, ఫోన్‌తో వచ్చే అసలు చిక్కు క్వాలిటీ కాదు, నిలకడ. ఎర్ర చీరను ఫ్రేమ్ నిండా చూపించగానే ఫోన్ తనంతట తాను వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా చేసే రంగుల సర్దుబాటు) మార్చేస్తుంది, ఎరుపు కాస్తా ఇటుక రంగులోకి దిగుతుంది. తేలియా రుమాల్ (నూనె పట్టించిన దారంతో నేసే గళ్ల బట్ట)లో తెల్లటి గళ్లు కనిపించగానే వెలుతురు తగ్గించేస్తుంది. ఒకే వీడియోలో ఒకే చీర మూడు రంగుల్లో కనిపిస్తుంది. కెమెరాలో ఒక తెల్ల కాగితాన్ని అదే వెలుతురులో ఫోటో తీసి, దాన్ని కస్టమ్ వైట్ బ్యాలెన్స్‌గా పెట్టుకుని, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో ఉంచితే చీర కదిలినా రంగు కదలదు. ఫోటోకు పెట్టుకున్న రంగే వీడియోకూ వస్తుంది కాబట్టి కేటలాగ్‌లో రెండూ పక్కపక్కన పెట్టినా తేడా ఉండదు. నాకు ఈ ఒక్క లాభమే చాలు. ఫోన్‌లోనూ యాప్‌లు వేసుకుని ఇవన్నీ బిగించుకోవచ్చు. కానీ ఫోటో ఒకదానితో, వీడియో ఇంకొకదానితో తీసి రంగులు కలపడానికి కూర్చుంటే రాత్రి భోజనం వేళ దాటిపోతుంది.

బట్టకు సంబంధించిన ఇంకో ఇబ్బంది ఉంది. సన్న గళ్లు, దగ్గర దగ్గర గీతలు ఉన్న నేతను వీడియో తీస్తే తెర మీద లేని అలలు, ఇంద్రధనుస్సు లాంటి చారలు కనిపిస్తాయి. మోరే అంటారు. లోపల అద్దం ఉండే పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాలు వీడియో కోసం సెన్సర్ మీద కొన్ని వరుసలు వదిలేసి చదివేవి, అందుకే వాటిలో ఇది మరీ ఎక్కువ. ఆర్50 సెన్సర్ నిండుగా 6కె (అడ్డంగా దాదాపు 6 వేల చుక్కలు) చదివి దాన్ని 4కెకి (దాదాపు 4 వేల చుక్కలకు) కుదిస్తుంది, పక్కలు కత్తిరించదు. అందుకే 4కెలో ఈ అలలు చాలా తక్కువ. చీర పని అయితే ఫుల్ హెచ్‌డీ వదిలేసి 4కె 25 ఫ్రేమ్స్‌లోనే తీయండి. అయినా అలలు కనిపిస్తే ట్రైపాడ్‌ను అడుగు ముందుకో వెనక్కో జరపండి, ఎక్కువ సార్లు దాంతోనే పోతుంది.

అసలు స్టిల్ కెమెరాలో వీడియో దండగ అనే వాదన కొత్తది కాదు. 2008 ఆగస్టులో నికాన్ డీ90 వచ్చింది, వీడియో తీసే మొదటి డీఎస్‌ఎల్‌ఆర్ అదే. 720 రిజల్యూషన్, ఒక్కో క్లిప్ ఐదు నిమిషాలు. తర్వాతి నెలలోనే కెనాన్ 5డీ మార్క్ 2ను ప్రకటించింది, ఫుల్ హెచ్‌డీతో. పెళ్లి వీడియోల రూపం మారిపోయింది దాని తర్వాతే. ఇప్పటికీ ఫోటోగ్రాఫర్లలో ఒక వర్గం "మాకు వీడియో తీసేసి ధర తగ్గించండి" అంటూ ఉంటుంది. 2013లో నికాన్ ఆ పని చేసి చూపించింది. డీఎఫ్ అనే కెమెరాలో వీడియోనే పెట్టలేదు. అమెరికాలో దాని బాడీ ధర సుమారు 2,750 డాలర్లు, అదే ఏడాది వచ్చిన వీడియో ఉన్న డీ610 ధర సుమారు 2,000 డాలర్లు. లైకా కూడా అంతే, ఎం సిరీస్‌లో ఒక మోడల్‌కు వీడియో ఇచ్చి 2017లో ఎం10లో తీసేసింది, లైకా ధరలు తెలిసినవే. ఇప్పటి కెమెరాల్లో అయితే వీడియో తీసేసినా ధర తగ్గడానికి పెద్దగా కారణం లేదు. మిర్రర్‌లెస్‌లో మీరు వ్యూఫైండర్‌లో చూసేదే సెన్సర్ నుంచి ఆగకుండా వచ్చే వీడియో. అది ఎలాగూ నడుస్తోంది, దాన్ని కార్డు మీద రాయడమే అదనపు పని. కాబట్టి వీడియో కోసం మనం వేరే డబ్బు కడుతున్నామన్న బాధ అక్కర్లేదు.

ఇక మగ్గం దగ్గరికి వస్తాను. చీరతో పాటు దాని తయారీ కూడా చూపిస్తే కొనేవాళ్లు బేరం ఆడే తీరే మారుతుంది. ఆసు పోయడం తీసుకోండి. పోచంపల్లి చీరకు డిజైన్ కట్టే ముందు పేక దారాన్ని ఒక మేకు నుంచి అర్ధచంద్రాకారంలో ఉన్న మేకుల మీదికి, మళ్లీ వెనక్కి, చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక చీరకు సుమారు 9 వేల సార్లు చెయ్యి అలా ఆడాలి. ఎక్కువగా ఆడవాళ్లే చేసేవాళ్లు, భుజాలు పడిపోయేవి. తన తల్లి పడే ఆ నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం గారు లక్ష్మీ ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు చెప్పండి, ఈ పనిని ఒక్క ఫోటోలో ఎలా చూపిస్తాం? దారం పట్టుకుని కూర్చున్న మనిషి కనిపిస్తుంది, అంతే. ఇరవై సెకన్లు ఆపకుండా వీడియో తీస్తే చూసేవాళ్లకు భుజం లాగినట్టు ఉంటుంది.

చిటికి కట్టడం, అంటే రంగు అంటకుండా దారాన్ని అక్కడక్కడ బిగించి కట్టడం, మాత్రం ఫోటోలోనే బాగుంటుంది. సైకిల్ ట్యూబ్ రబ్బరు ముక్కలతో దారాల కట్టను ఎక్కడెక్కడ బిగించారో, గుర్తులు ఎంత దగ్గరగా ఉన్నాయో ఫోటోలో తీరిగ్గా చూడొచ్చు. కానీ రంగులో ముంచి ఆరిన తర్వాత ఆ రబ్బరు విప్పుతారే, లోపల రంగు అంటని తెలుపు బయటపడుతుందే, అది మళ్లీ వీడియో పని. ఏది దేనికో ఇలా విడదీసుకోవడం వస్తే ఈ కెమెరా రెండింతలు పనికొస్తుంది. ఒకే క్షణాన్ని రెండు రకాలుగా తీద్దామనుకుంటే మాత్రం రెండూ పోతాయి. ఫోటోకు నాడె (పేక దారాన్ని అటూ ఇటూ మోసేది) ఆగినట్టు రావాలంటే షట్టర్ వేగం 1/500 సెకను పైనే ఉండాలి, వీడియోకు 1/50 కావాలి. 4కె వీడియోలోంచి ఒక ఫ్రేమ్ తీసి ఫోటోగా వాడొచ్చని చెబుతారు. అది 8.3 మెగాపిక్సెల్స్, వాట్సాప్‌కు సరిపోతుంది. కానీ 1/50లో కదిలే చెయ్యి ఎలాగూ మసకే. ప్రింటుకు ఇవ్వాల్సింది విడిగా ఫోటోగానే తీయండి.

మగ్గం గదిలో వెలుతురు తక్కువ. గుంట మగ్గమైతే నేసే మనిషి కాళ్లు గుంటలో, పైన ఒక ఎల్ఈడీ బల్బు. మన కరెంటు 50 హెర్ట్జ్, మామూలు బల్బులు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. మెనూలో పాల్ (PAL, మన దేశంలో వాడే వీడియో పద్ధతి) ఎంచుకుని 25 ఫ్రేమ్స్, షట్టర్ 1/50 పెడితే ఆ మినుకు కనిపించదు. షట్టర్ పెంచారంటే వీడియో మీద నల్ల చారలు పాకుతాయి. కిట్ లెన్స్ 18 దగ్గర ఎఫ్/4.5 (లెన్స్ కన్ను ఎంత తెరుచుకుంటుందో చెప్పే అంకె, చిన్నదైతే ఎక్కువ వెలుతురు), కొంచెం జూమ్ చేస్తే ఇంకా మూసుకుపోతుంది. ఐఎస్ఓ (తక్కువ వెలుతురును పెంచి చూపించే సెట్టింగ్) 3200 దాకా పోక తప్పదు. వాట్సాప్‌లో చూసే వీడియోకు ఆ మాత్రం గరుకు పర్వాలేదు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ వెలుతురుకు బాగుంటుంది, చీర అంచులకు నాకు ఎంతో ఇష్టం. కానీ ఈ సెన్సర్ మీద అది 80 ఎంఎం లాగా పనిచేస్తుంది, చిన్న గదిలో వెనక్కి జరగడానికి గోడ అడ్డం. పైగా ఆ లెన్స్‌లోనూ బాడీలోనూ స్టెబిలైజేషన్ (చెయ్యి వణుకును సరిచేసే ఏర్పాటు) లేదు, ట్రైపాడ్ లేకుండా దాంతో వీడియో తీయొద్దు.

శబ్దం సగం పని. మగ్గం చప్పుడు లేకుండా మగ్గం వీడియో ఏంటి? ఆర్50కి బయటి మైక్ పెట్టుకునే 3.5 ఎంఎం జాక్ ఉంది, హెడ్‌ఫోన్ జాక్ లేదు. రికార్డు అవుతుండగా వినలేం కాబట్టి ప్రతి క్లిప్ తర్వాత వెనక్కి వేసుకుని వినాలి. మే నెల ఎండలో ఫ్యాన్ కట్టేయమని నేసేవాళ్లను అడగను, అడగకూడదు కూడా. చిన్న మైక్‌ను మగ్గం కర్రకు దగ్గరగా కట్టి, కెమెరాలోని మైక్ మీద ఆధారపడకపోతే ఫ్యాన్ హోరు వెనక్కి పోతుంది. వాళ్ల పని మన వీడియో కోసం ఆగదు. "జర ఆగు బిడ్డా, పోగు తెగింది, అతికిచ్చినంక తీద్దువు" అంటుంది పెద్దమ్మ. ఆ పోగు అతికించడాన్ని కూడా తీయండి, బట్ట గురించి అంత నిజాయితీగా చెప్పేది ఇంకోటి లేదు.

నాడె అటూ ఇటూ పరిగెత్తేటప్పుడు వీడియోలో అది కొద్దిగా వాలినట్టు కనిపించవచ్చు. సెన్సర్ బొమ్మను ఒక్కసారిగా కాక పై వరుస నుంచి కిందికి చదవడం వల్ల వచ్చేది. ఈ తరగతి కెమెరాలన్నింటిలో ఉన్నదే. సెకనుకు 100 ఫ్రేముల స్లో మోషన్ ఫుల్ హెచ్‌డీలో ఉంది, కొంగు జారడం బాగా వస్తుంది, కానీ శబ్దం రికార్డు కాదు.

దీన్ని నమ్ముకుని పెళ్లిళ్లకు వీడియో ఒప్పుకుంటారా అంటే, నేనైతే వద్దంటాను. ఒక్కో క్లిప్‌కు గంట పరిమితి, కార్డు స్లాట్ ఒక్కటే. కార్డు పాడైతే జీలకర్ర బెల్లం మళ్లీ పెట్టించలేం కదా. 4కె స్టాండర్డ్‌లో సెకనుకు 120 మెగాబిట్లు రాస్తుంది, అంటే గంటకు 54 జీబీ. 64 జీబీ కార్డు 70 నిమిషాలకు నిండిపోతుంది. చీరల పనికి క్లిప్‌లు చిన్నవి కాబట్టి ఇబ్బంది లేదు, 60 మెగాబిట్ల లైట్ మోడ్ కూడా ఉంది, పాత కంప్యూటర్ ఉన్నవాళ్లు అదే పెట్టుకోండి. కార్డు మీద వీ30 (వీడియోకు సరిపడా వేగంగా రాస్తుందనే గుర్తు) అని ఉందో లేదో చూసి కొనండి. కస్టమర్‌కు పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే కుదించేసి జరీని మసక చేస్తుంది.

డబ్బు చూసుకుని కొనేవాళ్లు కిట్ లెన్స్‌తో మొదలుపెట్టి, మిగిలిన దాంట్లో ముందు గట్టి ట్రైపాడ్, తర్వాత మైక్ కొనండి. 50 ఎంఎం లెన్స్ తర్వాత చూసుకోవచ్చు. సెకండ్ హ్యాండ్‌లో పాత డీఎస్‌ఎల్‌ఆర్ చవగ్గా వస్తోందని ఎవరైనా చెబితే, వెళ్లేటప్పుడు సన్న గళ్ల చీర ఒకటి తీసుకెళ్లి దాని మీద ఒక నిమిషం వీడియో తీసి చూడండి. అలలు కనిపిస్తే ధర ఎంత తగ్గించినా ఈ పనికి అది వద్దు.