సొంత కారు పనికి కొన్న జాకీ, టార్క్ రెంచి, స్కానర్: దీర్ఘకాల వాడకం తర్వాత సమీక్ష

బెంగళూరులో మా అపార్ట్‌మెంటు కింది పార్కింగులో సొంత కారు పని నేర్చుకోవడానికి నేను, మా బావమరిది కలిసి కొనుక్కున్న పనిముట్ల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. 2 టన్నుల ట్రాలీ జాకీ, ఎత్తిన కారును మోసే ఒక జత స్టాండ్లు, సాకెట్టు తొడిగే చదరపు కొన అర అంగుళం ఉన్న టార్క్ రెంచి, ఆ తర్వాత కొన్న చిన్న టార్క్ రెంచి, ఇంజన్ లోపాల కోడ్లు చదివే ఒక ఓబీడీ స్కానర్ ఇందులో ఉన్నాయి. వీటిని కొన్నేళ్లుగా 2014 నాటి పెట్రోలు హ్యాచ్‌బ్యాక్ మీద వాడుతున్నాం. ఇలాంటి పనిముట్ల మీద కనిపించే అభిప్రాయాలు చాలావరకు పెట్టె విప్పిన వారంలోనే రాసినవి కాబట్టి, అవి మెరుపు గురించో, ప్యాకింగు గురించో, ఎన్ని ముక్కలు వచ్చాయన్న దాని గురించో చెబుతాయి. కొత్తగా నేర్చుకునేవాడి చేతిలో ఆ పనిముట్టు ఏ నష్టాన్ని ఆపింది, దేనికి తానే కారణమైంది అన్నది మాత్రం చాలాకాలం వాడాకే తెలుస్తుంది. నేను వీటిని ఆ దృష్టితోనే అంచనా వేస్తున్నాను.

ముందుగా టార్క్ రెంచి. నట్టును నిర్ణీత బిగువు దాకా తిప్పగానే టక్కుమని శబ్దం చేసే రకం ఇది. బిగువును న్యూటన్ మీటర్లలో కొలుస్తారు, మాది 28 నుంచి 210 న్యూటన్ మీటర్ల వరకు పనిచేస్తుంది. చక్రం నట్లకు మా కారు మాన్యువల్ చెప్పే బిగువు 85 న్యూటన్ మీటర్లు కాబట్టి ఆ పనికి ఇది చక్కగా సరిపోయింది. దీని విలువ నాకు మొదట తెలిసింది కూడా చక్రాల దగ్గరే. టైర్లు మార్పించిన ఒక దుకాణంలో గాలితో తిరిగే గన్‌తో నట్లు బిగించి పంపించారు. ఆ తర్వాత హోసూరు రోడ్డు మీద పంక్చరైనప్పుడు కారుతో వచ్చిన పొట్టి వీల్ పానా మీద నిలబడి తొక్కినా ఒక నట్టు కదలలేదు. అప్పటినుంచి బయట ఎవరు చక్రం విప్పినా, ఇంటికి రాగానే నట్లు కొద్దిగా వదులు చేసి, ఎదురెదురు వరసలో మళ్లీ 85కు బిగిస్తున్నాం. రోడ్డు మీద స్టెప్నీ వేసుకోవలసి వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఉన్న పెద్దవాళ్లు సైతం విప్పగలిగేలా నట్లు ఉండాలన్నది నా పట్టుదల.

అయితే ఇదే పనిముట్టు వల్ల మాకు జరిగిన పెద్ద నష్టం కూడా ఉంది. ఇంజన్ ఆయిల్ మార్చడం నేర్చుకుంటున్న రోజుల్లో మా బావమరిది చాంబర్ బోల్టును, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టికి ఉండే బోల్టును, ఈ పెద్ద రెంచితోనే బిగించాడు. బోల్టుకు చెప్పిన బిగువు 35 న్యూటన్ మీటర్లు. రెంచి మీద 28 నుంచి అంకెలు ఉన్నాయి కాబట్టి 35 దాని పరిధిలోనిదే అనుకున్నాం. కానీ ఇలాంటి రెంచీల కచ్చితత్వాన్ని సాధారణంగా గరిష్ఠ అంకెలో ఐదో వంతు నుంచి పైకి మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. 210లో ఐదో వంతు అంటే 42. ఆ కింద శబ్దం కూడా చాలా సన్నగా వస్తుంది. పక్కన బండ్లు తిరిగే పార్కింగులో ఆ శబ్దం వాడికి వినబడలేదు, "ఇంకా టక్కుమనలేదు బావా" అంటూ మరికాస్త తిప్పాడు, నేనూ తిప్పమన్నాను. అల్యూమినియం చాంబర్‌లో మరలు తెగిపోయి బోల్టు వట్టినే తిరగడం మొదలైంది.

దానిని బాగు చేయించడానికి కారును మా వీధి చివర షెడ్డుకు తోయించవలసి వచ్చింది. మదనపల్లె నుంచి వచ్చి ఇక్కడ చాలాకాలంగా షెడ్డు నడుపుతున్న మెకానిక్ చాంబర్ విప్పి, లేత్ షాపులో రంధ్రానికి కొత్త మర వేయించి, లోపల హెలికాయిల్ (కొత్త మరగా పనిచేసే తీగ చుట్ట) తొడిగించాడు. "అన్నా, చిన్న బోల్టుకు ఇంత పొడుగు పిడి పట్టుకుంటే బిగువు చేతికి యాడ తెలుస్తాది" అని ఆయన అన్నమాటలో విషయమంతా ఉంది. పిడి పొడవు పెరిగేకొద్దీ చేతికి తగిలే బరువు తగ్గుతుంది. బోల్టు సాగుతున్నా, మర తెగుతున్నా కొత్తవాడికి ఆ తేడా అందదు. ఆ వారంలోనే 3/8 అంగుళం చదరపు కొన ఉన్న చిన్న రెంచి కొన్నాం. చాంబర్ బోల్టుకు, స్పార్క్ ప్లగ్గులకు ఇప్పుడు దానినే వాడుతున్నాం. నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: ఒకే టార్క్ రెంచి కొనేవారు, చక్రాలు విప్పడం తప్ప మరో పని చేయబోమనుకుంటేనే అర అంగుళం రెంచి కొనాలి. ఆయిల్, ప్లగ్గుల పని చేయాలనుకుంటే చిన్నదే ముందు కొనాలి.

స్పార్క్ ప్లగ్గుల దగ్గర మరో జాగ్రత్త కూడా అవసరం. సిలిండర్ హెడ్డు అల్యూమినియంది, ప్లగ్గు మరలు ఉక్కువి. అడ్డంగా ఎక్కిన ప్లగ్గును ఏ రెంచీ కాపాడలేదు, అది శబ్దం చేసే సమయానికే హెడ్డు మర పాడైపోయి ఉంటుంది. ప్లగ్గు చివరకు రబ్బరు గొట్టం ముక్క తొడిగి వేళ్లతో తిప్పుతూ దించితే, మర సరిగా కూర్చోనప్పుడు గొట్టమే జారిపోతుంది. మాకు ఖర్చు లేకుండా దొరికిన అత్యంత ఉపయోగకరమైన పనిముట్టు ఆ గొట్టం ముక్కే. ఇంజన్ పూర్తిగా చల్లారాకే ప్లగ్గులు విప్పాలన్నది కూడా హెడ్డు మర పాడవకూడదనే.

రెంచీని ఎలా దాచాలన్నది పెట్టెలో వచ్చిన కాగితం మీద చిన్న అక్షరాల్లో ఉంది గానీ అది చాలా ముఖ్యమైన సంగతి. పని అయిపోయాక అంకెను అన్నిటికన్నా కిందికి తిప్పి పెట్టాలి, లేకపోతే లోపలి స్ప్రింగు నొక్కుకుపోయి కొన్నాళ్లకు తప్పుడు బిగువు చూపుతుంది. నట్టు విప్పడానికి దానిని వాడకూడదు. ఐఎస్ఓ 6789 అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ రకం రెంచీలకు 4 శాతం అటూ ఇటూ తేడాను అనుమతిస్తుంది, 5,000 సార్లు వాడాక గానీ ఏడాదికి గానీ, ఏది ముందైతే అప్పుడు, సరిచూపించుకోమంటుంది. ఇంట్లో వాడేవారు 5,000 సార్ల దాకా ఎన్నటికీ వెళ్లరు కాబట్టి ఏడాది గడువే లెక్క.

ఇక జాకీ. కారుతో పాటు వచ్చే కత్తెర జాకీ చక్రం మార్చడానికి మాత్రమే, దాని మీద కారు ఉంచి కిందికి దూరడం ప్రాణంతో చెలగాటం. ట్రాలీ జాకీ కూడా ఎత్తడానికే, మోయడానికి కాదు. లోపలి నూనె సీలు కారితే అది మెల్లగానో, ఒక్కసారిగానో దిగిపోతుంది. అందుకే స్టాండ్లు జాకీతో పాటే కొనాలి, తర్వాత చూద్దాంలే అనుకోకూడదు. స్టాండ్లలో పళ్ల మెట్లతో ఎత్తు సర్దుకునే రకం, రంధ్రంలో పిన్ను దూర్చే రకం అని రెండు ఉన్నాయి. మేము పిన్ను రకం తీసుకున్నాం. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ సంస్థ తాను అమ్మిన 3 టన్నుల, 6 టన్నుల స్టాండ్లను, బరువు కింద పళ్ల పట్టు వదిలి జారే ప్రమాదం ఉందని వెనక్కి తెప్పించుకుంది. పిన్ను రకంలో ఎత్తు మెట్ల మధ్య దూరం ఎక్కువగా ఉంటుంది, సర్దడానికి కాస్త చిరాకు. కానీ పిన్ను దూరిందో లేదో కంటికి కనబడుతుంది. కొత్తవాళ్లకు ఆ కనబడడమే కావాలి.

ట్రాలీ జాకీ విషయంలో నేను చూసిన ఏ వీడియోలోనూ సరిగా వివరించని సంగతి ఒకటుంది. జాకీ చెయ్యి పైకి లేస్తూ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి, కారు లేచేకొద్దీ జాకీ తన చక్రాల మీద కొంచెం ముందుకు జరగాలి. మా పార్కింగు నేలలో పలకల సందు ఒకటి ఉంది. జాకీ ముందు చక్రం ఆ సందులో ఇరుక్కుని కదలకపోవడంతో పైనున్న గిన్నె కారు అంచు కింద జారి, తలుపు కింది రేకు వంగింది. అప్పటికి స్టాండు పెట్టి ఉంది, ఎవరూ కింద లేరు. ఆ రేకు వంపు నేటికీ అలాగే ఉంది, తుప్పు పట్టకుండా రంగు వేయించాం. ఇప్పుడు కారును ఎత్తే ముందు జాకీ కింద నేలను చీపురుతో ఊడ్చి, చక్రాలు తిరిగే దారి నున్నగా ఉందో లేదో చూస్తాం. గిన్నె మీద అంచు కూర్చునేలా గాడి ఉన్న రబ్బరు దిమ్మ పెడతాం. నేలమీద ఉండే చక్రాలకు రెండు వైపులా చెక్కలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచుతాం. వాలుగా ఉన్న చోట అసలు ఎత్తం. పార్కింగు ర్యాంపుకు దగ్గరగా స్థలం వచ్చినవారు ఈ పని మానుకోవడమే మంచిది.

ఓబీడీ స్కానర్‌ను నేను మొదట అనవసరపు ఖర్చు అనుకున్నాను, ఆ అభిప్రాయం మారింది. మన దేశంలో కార్లకు 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ రెండో దశ తప్పనిసరి అయింది కాబట్టి ఆ తర్వాతి బండ్లలో స్టీరింగు కింది సాకెట్టులో దీనిని గుచ్చి ఫోనులో కోడ్లు చదవవచ్చు. ప్లగ్గులు మార్చిన మర్నాడు ఇంజన్ దడదడలాడుతూ బోర్డు మీద ఇంజన్ గుర్తు వెలిగింది. స్కానర్ పి0301 అని చూపింది, అంటే మొదటి సిలిండర్లో మంట సరిగా అంటుకోవడం లేదు. ఒక సర్వీసు సెంటరులో, ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కాయిల్ మార్చాలన్నారు. కోడ్ జబ్బు పేరు చెప్పదు, ఎక్కడ నొప్పో మాత్రం చెబుతుంది. ఆ సిలిండరు మీదనే మేము ముందు రోజు చెయ్యి పెట్టామన్న ఆలోచనతో బానెట్ ఎత్తి చూస్తే, కాయిల్ కనెక్టరు తాళం సగమే కూర్చుని ఉంది. టిక్కుమనే దాకా నొక్కాక సమస్య పోయింది. స్కానర్ వెల మొత్తం ఆ ఒక్క రోజే తిరిగి వచ్చింది.

దానిలో లోపాలూ ఉన్నాయి. చవకరకం స్కానర్లు ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్లు చదవవు. సాకెట్టులోనే వదిలేస్తే కారు ఆపి ఉన్నప్పుడు కూడా బ్యాటరీ నుంచి కరెంటు తీసుకుంటూనే ఉంటుంది. సంక్రాంతికి అనంతపురం వెళ్లి వచ్చేసరికి బ్యాటరీ దిగిపోయింది. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి, మాది 12 కన్నా కిందికి పడిపోయింది. ఇప్పుడు పని కాగానే స్కానర్ తీసి డ్యాష్‌బోర్డు అరలో పెడుతున్నాం.

ఆయిల్ ఫిల్టరు మార్చడంలో పనిముట్ల కన్నా కంటిచూపు ముఖ్యం. పాత ఫిల్టరు విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజనుకే అంటుకుని ఉండిపోవచ్చు. దాని మీద కొత్త ఫిల్టరు బిగిస్తే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ ధారగా కారిపోతుంది. పక్క బ్లాకులో ఉండే స్నేహితుడి కారుకు సరిగ్గా ఇలాగే జరిగింది. అదృష్టవశాత్తూ గేటు దాటకముందే వాచ్‌మన్ నేల మీద ఆయిల్ చూసి కేక వేశాడు. కొత్త రింగుకు కాస్త ఆయిల్ రాసి, అది తాకిన తర్వాత చేత్తోనే ముప్పావు చుట్టు తిప్పితే చాలు. ఫిల్టరు పానా విప్పడానికే తప్ప బిగించడానికి కాదు. చాంబర్ బోల్టు వాషరు ప్రతిసారీ కొత్తది వేయాలి.

విడి భాగాలు జేసీ రోడ్డులో కొంటాం, కొట్లలో తెలుగుకు ఇబ్బంది లేదు. పాత ఫిల్టరో, పాత వాషరో చేతిలో పట్టుకుని వెళ్లడం మంచిది, ఎందుకంటే ఒకే మోడల్‌లో తయారైన ఏడాదిని బట్టి భాగం మారుతుంది. చేతి పనిముట్లకు ఎస్పీ రోడ్డు మేలు. టార్క్ రెంచి కొనేటప్పుడు దానితో పాటు వరస సంఖ్య వేసిన పరీక్ష పత్రం ఇవ్వమని అడగండి. పత్రం లేని రెంచి ఎంత చవకైనా కొనవద్దు.

వాడిన ఆయిల్ గురించి చెప్పకుండా ఈ సమీక్ష ముగించలేను. బెంగళూరులో వాన నీటి కాలువలు చెరువుల్లోకి పోతాయి, ఆ ఆయిల్ అక్కడికే చేరుతుంది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడిన ఆయిల్ అనుమతి ఉన్న రీసైక్లర్లకే వెళ్లాలి. మేము కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే పాతది నింపి షెడ్డు పీపాలో పోస్తాం, అక్కడినుంచి అనుమతి ఉన్నవాళ్లు తీసుకెళ్తారు. మీకు దగ్గరలో అలాంటి ఏర్పాటు ఉన్న షెడ్డు దొరకకపోతే ఆయిల్ మార్పు ఇంట్లో మొదలుపెట్టకండి. మిగతా పనులు నేర్చుకోండి.

బ్రేకుల పని మాత్రం ఇప్పటికీ షెడ్డుకే ఇస్తున్నాం. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది, తేమ చేరాక 155 దగ్గరే మరగవచ్చు. దానిని మార్చి గాలి పూర్తిగా తీయడం ఇద్దరు మనుషుల పని, ఏమాత్రం గాలి మిగిలినా బెంగళూరు దగ్గరి నంది హిల్స్ నుంచి దిగేటప్పుడు తెలుస్తుంది. ప్యాడ్ల మందం చూసుకోవడం వరకు మేమే చేస్తాం.

ఈ పనిముట్లలో మళ్లీ కొనవలసి వస్తే చిన్న టార్క్ రెంచి, పిన్ను స్టాండ్లు, స్కానర్ కళ్లు మూసుకుని కొంటాను. జాకీ మాత్రం ఇంకాస్త పొడవైన చట్రం ఉన్నది తీసుకుంటాను, పొట్టి జాకీ పిడి కారు అంచుకు తగులుతోంది. పెద్ద రెంచీకి ఏడాది గడువు దాటింది. వచ్చే నెల పీణ్యా పారిశ్రామికవాడలో, పరీక్షా ల్యాబులకు గుర్తింపునిచ్చే ఎన్ఏబీఎల్ సంస్థ ఆమోదం ఉన్న ల్యాబులో రెండు రెంచీలనూ సరిచూపిస్తున్నాం. తేడా 4 శాతం దాటితే ఆ సంగతి ఈ సమీక్షకే జోడిస్తాను.