చేరని పార్శిళ్లు, తిరిగొచ్చిన డబ్బు: తొమ్మిదేళ్ల వాడకం తరువాత ఒక సమీక్ష

రాజాంలో ఉంటూ 2016 నుంచి ఆన్‌లైన్‌లో వస్తువులు తెప్పించుకుంటున్నాను. పుస్తకాలు, మా అమ్మగారి వినికిడి యంత్రానికి కావలసినవి, విశాఖపట్నం వెళ్తే తప్ప దొరకని విడిభాగాలు వంటివే ఎక్కువ. ఈ తొమ్మిదేళ్లలో నాలుగు పార్శిళ్లు చేరవలసిన వేళకు చేరలేదు. మూడింటి డబ్బు తిరిగి వచ్చింది, ఒకదానిది రాలేదు. ఇక్కడ నేను సమీక్షిస్తున్నది ఆ వస్తువులను కాదు, వాటి డబ్బు కోసం నేను ఎక్కిన గడపలను. బడిపంతులును కనుక మార్కులు వేయకుండా ఉండలేను గాని, అన్నింటికీ ఒకే కొలత పెట్టడం న్యాయం కాదని ముందే ఒప్పుకుంటున్నాను.

మొదట్లో నేను చేసిన పొరపాటు, ఇప్పటికీ మా వీధిలో చాలామంది చేస్తున్న పొరపాటు ఒక్కటే. పార్శిలు రాకపోతే దానిని మోసుకొచ్చేవారి వెంట పడతాము. కొరియర్ కార్యాలయం ఎక్కడుందో వాకబు చేస్తాము, పోస్టుమాన్‌ను నిలదీస్తాము, డెలివరీ కుర్రవాడికి పదిసార్లు ఫోన్ చేస్తాము. అయితే మనం డబ్బు ఇచ్చింది అమ్మినవారికి. మోసేవారిని పెట్టుకున్నది కూడా వారే. దారిలో పోయిన వస్తువు మన చేతికి రాకముందే పోయింది కాబట్టి, దానికి జవాబు చెప్పవలసినవారు అమ్మకందారులే. ఈ సంగతి తలకెక్కిన తరువాతే నా ఫిర్యాదులు దారిన పడ్డాయి.

తపాలా విషయంలో దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. 1898 నాటి తపాలా చట్టంలోని 6వ సెక్షను, వస్తువు పోయినా ఆలస్యమైనా ప్రత్యేకంగా ఒప్పుకున్న మేరకు తప్ప బాధ్యత లేదని చెప్పింది. 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన 2023 నాటి కొత్త చట్టం కూడా బాధ్యతను పరిమితంగానే ఉంచింది. స్పీడ్ పోస్టు పార్శిలు పోతే, పంపడానికి కట్టిన రుసుముకు రెట్టింపు గాని 1,000 రూపాయలు గాని, ఏది తక్కువైతే అది పరిహారంగా ఇవ్వడం చాలా ఏళ్లుగా ఉన్న నియమం. ఐదు వేల రూపాయల వస్తువుకు ఆ మొత్తం ఏ మూలకూ రాదు. కాబట్టి పోస్టాఫీసుకు నేను వెళ్లేది డబ్బు కోసం కాదు, రుజువు కోసం. ఇంగ్లీషు E అక్షరంతో మొదలై INతో ముగిసే పదమూడు అక్షరాల, అంకెల స్పీడ్ పోస్టు నంబరు చేతిలో ఉంటే, సంచి చివరిగా ఎక్కడ కనిపించిందో కౌంటరులో చూసి చెబుతారు. ఆ సమాచారాన్ని ఫిర్యాదుకు జతపరచుకోవచ్చు.

మొదటి అనుభవం తిత్లీ తుపానునాటిది. పండుగకు అందాలని పలాసలో ఉన్న మా చెల్లెలి పేర మిక్సీ ఆర్డరు పెట్టాను. 2018 అక్టోబరు 11న తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. దారుల నిండా చెట్లు, కొబ్బరి తోటలు నేలమట్టం, స్తంభాలు కూలి ఊళ్లకు ఊళ్లు చీకట్లో ఉన్నాయి. కరెంటే లేని ఊరికి మిక్సీ ఎప్పుడు చేరితేనేమని ఊరుకోక, పది రోజులకే రీఫండ్ అడిగాను, మర్నాడే ఇచ్చారు. నవంబరులో మిక్సీ చేరింది! ఆ డబ్బు తిరిగి కట్టడానికి పడిన పాట్లు, డబ్బు రాబట్టుకోవడానికి ఎన్నడూ పడలేదు. తీసుకున్న రీఫండ్‌ను వెనక్కి ఇస్తామనేవారి కోసం ఆ యాప్‌లో ఒక మీటైనా లేదు. ముగ్గురు ప్రతినిధులతో మాట్లాడితే గాని నా మాట వారికి అర్థం కాలేదు. అప్పటి నుంచి వానాకాలంలోను, తుపాను రోజుల్లోను ట్రాకింగ్ కదలకపోతే వెంటనే రీఫండ్ అడగకుండా, ఆలస్యం జరిగినట్లు రాతపూర్వకంగా నమోదు చేయించి ఊరుకుంటున్నాను.

ఈ సమీక్షకు అసలు కారణం 2022లో జరిగినది. అమ్మగారికి 8,900 రూపాయల వినికిడి యంత్రం తెప్పించాను. మధ్యాహ్నం రెండుంబావుకు నేను బడిలో ఉండగా, పార్శిలు డెలివరీ అయిందనీ, కొనుగోలుదారే స్వయంగా తీసుకున్నారనీ సందేశం వచ్చింది. సాయంత్రం ఎదురింట్లోను, మలుపులోని కిరాణా కొట్టులోను అడిగాను; ఎవరికీ తెలియదు. డెలివరీ కుర్రవాడికి ఫోన్ చేస్తే, "మేస్టారూ, నాను ఇచ్చేసినాను కదండీ, మీ ఇంటికాడ ఒకాయన తీసుకున్నారు" అన్నాడు. ఆ వేళ మా ఇంట్లో అమ్మగారు తప్ప ఎవరూ లేరు. తలుపు కొట్టినా ఆవిడకు వినిపించదు, వినిపించేలా చేసే యంత్రం ఆ పెట్టెలోనే ఉంది. ఆ కుర్రవాడు అబద్ధమాడాడని నేను ఇప్పటికీ అనుకోను. ఇంటి నంబర్లు వరుసలో లేని మా వీధిలో ఒకరి గేటును మరొకరిదనుకోవడం పెద్ద వింత కాదు.

దారిలో పోయిన పార్శిలు కన్నా "డెలివరీ అయింది" అని రాసుకున్న పార్శిలు నూరు రెట్లు కష్టం. మొదటి రకంలో వారి రికార్డే మన పక్షాన మాట్లాడుతుంది. రెండవ రకంలో వారి రికార్డుకు ఎదురుగా మన మాట ఒక్కటే ఉంటుంది. చాట్‌లో ఫిర్యాదు చేస్తే మూడో రోజున తిరస్కరించారు. మళ్లీ చేస్తే అదే వాక్యం, అక్షరం మారకుండా వచ్చింది. అప్పుడు నేను ప్రశ్న మార్చాను. పార్శిలు పోయిందని రాయడం మానేసి, "పార్శిలు నాకు అందలేదు. అందినట్లు మీ దగ్గరున్న ఆధారాలను, అంటే ఓటీపీ నమోదు, సంతకం, ఫొటో, డెలివరీ చేసిన చోటు వివరాలను నాకు పంపండి" అని ఫిర్యాదుల అధికారికి ఈమెయిల్ రాశాను. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకాల వేదిక ఆ అధికారి పేరును, సంప్రదించే వివరాలను తన వెబ్‌సైటులో ఉంచాలి. ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్లు తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. ఈమెయిల్‌లో ఆ నియమాన్ని, నా ఫిర్యాదు తేదీని పక్కపక్కన రాశాను. కోపం చూపే మాట ఒక్కటి కూడా రాయలేదు. నాలుగైదు చిత్తుప్రతుల్లో రాసి కొట్టివేశానన్నది వేరే సంగతి.

అందినట్లు జవాబు వచ్చింది గాని ఆధారాలు రాలేదు. పదకొండో రోజున జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. వారికి ఆదేశించే అధికారం లేదు. మన ఫిర్యాదును సంస్థకు చేరవేసి జవాబు రాబట్టే ప్రయత్నం మాత్రమే చేస్తారు. అయినా వారి ద్వారా వెళ్లిన కాగితం చాట్‌లోని కుర్రవాడి బల్ల మీద కాక మరెవరి బల్ల మీదనో పడుతుందని నా అనుభవం. పందొమ్మిదో రోజున సంస్థ నుంచి ఫోన్ వచ్చింది, వెనుకనే డెలివరీ ఫొటో వచ్చింది. ఫొటోలో నీలం రంగు ఇనుప గేటు ఉంది. మాది చెక్క తలుపు, ముందు గేటే లేదు. మా వాకిలి ఫొటో తీసి పంపాను. నాలుగు రోజుల్లో 8,900 రూపాయలూ ఖాతాలో పడ్డాయి. 1915కు పదికి ఎనిమిది మార్కులు వేస్తాను. చాట్‌కు రెండు, అవీ సంభాషణ మొత్తాన్ని ఫొటోలు తీసి దాచుకోనిచ్చినందుకే. కిటికీ మూస్తే ఆ సంభాషణ మళ్లీ కనబడదు.

మూడవది మా జిల్లాల విభజన తెచ్చిన తంటా. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి వచ్చింది. పిన్ కోడ్ మాత్రం శ్రీకాకుళానికి చెందిన 532తోనే మొదలవుతుంది. విజయనగరం పిన్‌లు 535తో మొదలవుతాయి. మరో రాష్ట్రంలోని ఒక చిన్న పుస్తకాల సైటులో చిరునామాకు జిల్లా విజయనగరం అని నిజాయితీగా రాశాను. పార్శిలు శ్రీకాకుళం కేంద్రానికి, అక్కడి నుంచి విజయనగరానికి, మళ్లీ శ్రీకాకుళానికి ప్రయాణించి, ఆ తరువాత ట్రాకింగ్‌లో కనబడకుండా పోయింది. ఇప్పుడు చిరునామాలో జిల్లా కన్నా ముందు పిన్ కోడ్‌ను, "చీపురుపల్లి రోడ్డు" వంటి ఆనవాలును రాస్తున్నాను.

ఆ సైటువారు జవాబులు ఇవ్వడం మానేశారు. అదృష్టవశాత్తు డబ్బు కట్టింది క్రెడిట్ కార్డుతో. బ్యాంకులో లావాదేవీపై వివాదం నమోదు చేయించాను. దీనినే చార్జ్‌బ్యాక్ అంటారు. వస్తువు అందలేదన్న వివాదానికి వీసా కార్డుల నిబంధనల్లో సాధారణంగా 120 రోజుల గడువు ఉంటుంది కనుక, "కొంచెం ఓపిక పట్టండి" అంటూ అమ్మకందారు వారాలు గడిపేస్తుంటే మన గడువే కరిగిపోతుంది. ఆర్డరు రసీదు, వాగ్దానం చేసిన డెలివరీ తేదీ, నేను రాసిన మూడు ఈమెయిళ్లు జతచేశాను. నెలన్నరకు డబ్బు వచ్చింది. బ్యాంకు శాఖలోని గుమాస్తాకు ఆ ఫారం ఎక్కడుంటుందో తెలియదు, కస్టమర్ కేర్ వారికి తెలుసు. అందుకు ఒక మార్కు తగ్గించి తొమ్మిది వేస్తున్నాను.

నాలుగవది ఓటమి. 2024లో సామాజిక మాధ్యమంలో చూసిన ఒక చేనేత పంచెల అమ్మకందారుకు యూపీఐ ద్వారా 1,350 రూపాయలు పంపాను. పొందూరు ఖద్దరు అన్నారు. పొందూరు మాకు కూతవేటు దూరంలో ఉండగా ఆన్‌లైన్‌లో కొనడమేమిటని మా ఇంట్లోవారు అడిగితే నా దగ్గర జవాబు లేదు. అతను ఇచ్చిన ట్రాకింగ్ నంబరు నిజమైనదే గాని, అది విజయనగరంలో వేరెవరికో వెళ్లిన పార్శిలుది. బ్యాంకులో అడిగితే, నేనే పిన్ కొట్టి ఒక వ్యక్తిగత ఖాతాకు పంపిన డబ్బు సరిగ్గా ఆ ఖాతాకే చేరిందనీ, లావాదేవీలో లోపమేమీ లేదనీ చెప్పారు. వారి మాట నిజమే. మార్కులు వేయవలసి వస్తే, అవి నాకే వేసుకోవాలి.

ఆ అమ్మకందారును నలుగురిలో నిలదీద్దామని ఫిర్యాదు పోస్టు చేసిన గంటలోనే రీఫండ్ విభాగమంటూ ఒకరు ఫోన్ చేసి, ఒక యాప్ వేసుకుని ఐదు రూపాయలు పంపమన్నారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టనక్కరలేదన్న ఒక్క సంగతి తెలిసి ఉండడం వల్ల ఫోన్ పెట్టేశాను. అలాంటి ఫోన్లకు చిక్కి డబ్బు పోగొట్టుకున్నవారు ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల సహాయ నంబరు 1930కు ఫోన్ చేయాలి.

జిల్లా వినియోగదారుల కమిషన్ మెట్లు నేను ఎక్కలేదు కాబట్టి దానికి మార్కులు వేయను. వినికిడి యంత్రం కేసులో మాత్రం కాగితాలన్నీ సిద్ధం చేసుకున్నాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొనుగోలుదారు తాను నివసించే చోటనే ఫిర్యాదు చేయవచ్చు. అంటే అమ్మకందారు ఏ మహానగరంలో ఉన్నా నేను విజయనగరం దాటనక్కరలేదు. ఐదు లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము లేదు, రెండేళ్ల వరకు గడువు ఉంది, ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయవచ్చు. పంచెల కేసులోనూ అదే ఫారం తీసి నింపడం మొదలుపెట్టాను. నా పేరు, చిరునామా, మొత్తం, తేదీ రాసుకుంటూ వచ్చి, ఎదుటి పక్షం చిరునామా అన్న గడి దగ్గర ఆగిపోయాను. నా దగ్గరున్నది ఒక ఫోన్ నంబరు, ఆ నంబరు ఇప్పుడు పనిచేయడం లేదు.